మజిలీ నుంచి మజిలీకి: ఉట్నూర్ దారుల్లో ఒంటరి సైకిల్ యాత్రకు సన్నాహం

సుదూర సైకిల్ యాత్ర అనే మాటలో పోటీ అన్న అర్థం లేదు. రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి, తన సామాను తన సైకిల్ మీదే మోసుకుంటూ, రాత్రికో ఊళ్లో ఆగుతూ, చిన్న చిన్న మరమ్మతులు తానే చేసుకుంటూ సాగే ప్రయాణాన్ని ఆ పేరుతో పిలుస్తారు. వెంట వాహనం గాని, తోడు మనిషి గాని లేనప్పుడు అది ఒంటరి యాత్ర అవుతుంది. ఇలాంటి యాత్ర తలపెట్టినవారు సాధారణంగా ఏ సైకిల్ కొనాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు గాని, అంతకంటే ముందే తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఒక మజిలీకీ మరో మజిలీకీ మధ్య దూరమెంత, ఆ నడుమ దొరికేదేమిటి, దొరకనిదేమిటి? మజిలీ అంటే బాటసారి రాత్రికి దిగే తావు. ఒక రోజు ప్రయాణదూరానికి కూడా ఆ మాటే వాడుతారు. సైకిల్, సంచీ, తిండి, నీళ్లు, మందులు అన్నింటి లెక్కా ఈ ఒక్క కొలత మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ కొలతను తెలుగులో శ్రద్ధగా రాసిపెట్టిన తొలి ప్రయాణికుల్లో ఏనుగుల వీరాస్వామయ్య ముఖ్యులు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరుకున్న ఆయన, పోయేటప్పుడు హైదరాబాదు దాటి నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ వైపు సాగారు. ఆయన రాసిన వివరాలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. దారి ఎలాంటిది, నీటివసతి ఎంత, సామాన్లు దొరికే అంగళ్లు ఉన్నాయా, దిగడానికి చోటు ఉందా అన్న విషయాలను మజిలీల వారీగా నమోదు చేయడం ఆ పుస్తకం ప్రత్యేకత. పల్లకీలతో, పెద్ద పరివారంతో సాగిన ఆ యాత్రకూ, ఒక మనిషి రెండు చక్రాల మీద చేసే యాత్రకూ పోలిక లేదనిపించవచ్చు గాని, దారి వేసే ప్రశ్నలు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఆ పాత బాటకు దగ్గరగానే నేటి 44వ జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వరకు సాగుతున్నది. 2010లో సంఖ్యలు మారకముందు ఆదిలాబాద్ మీదుగా పోయే ఈ దారి వారణాసి నుంచి కన్యాకుమారికి వెళ్లే 7వ నంబరు రహదారిలో భాగంగా ఉండేది.

ఉట్నూర్ ప్రాంతంలో మజిలీల లెక్క పుస్తకాల్లో మాత్రమే ఉన్న విద్య కాదు. ఇంద్రవెల్లి మండలంలోని కెస్లాపూర్‌లో ఏటా పుష్యమాస అమావాస్యనాడు మొదలయ్యే నాగోబా జాతరకు ముందు, రాజ్‌గోండుల్లోని మెస్రం వంశీయులు జన్నారం దాపున గోదావరిలో ఉన్న హస్తినమడుగు వరకు కాలినడకన, చెప్పులు లేకుండా వెళ్లి, పవిత్రజలాన్ని ఝరి అనే పాత్రలో తెస్తారు. ఏ రోజు బయలుదేరాలి, ఏ రాత్రి ఏ ఊళ్లో ఆగాలి, తిరుగుదారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవి పూజ ఎప్పుడు చేయాలి, కెస్లాపూర్ మర్రిచెట్ల కింద ఎన్నాళ్లు ఉండాలి అన్నవన్నీ పెద్దలు ముందే కూర్చుని నిర్ణయిస్తారు. నడకలో పాల్గొనే వారిలో వృద్ధులూ ఉంటారు, పిల్లల తల్లులూ ఉంటారు. అంతమంది అన్ని రోజులు క్షేమంగా నడవగలగడానికి కారణం భక్తి ఒక్కటే కాదు, తరతరాలుగా నిగ్గుదేలిన మజిలీల క్రమం కూడా. సైకిల్ యాత్రకు సిద్ధపడే మనిషికి ఇంతకంటే దగ్గరి పాఠం మరొకటి దొరకదు.

ఉట్నూర్ నుంచి ప్రధానంగా మూడు దారులు తెరుచుకుంటాయి. పడమటి దారి ఇంద్రవెల్లి మీదుగా గుడిహత్నూర్ దగ్గర జాతీయ రహదారిని కలుస్తుంది. అక్కడినుంచి ఉత్తరానికి తిరిగితే నాగపూర్, దక్షిణానికి తిరిగితే నేరడిగొండ, నిర్మల్, హైదరాబాద్. తూర్పు దారి జైనూర్, కెరమెరి మీదుగా ఘాట్ దిగి ఆసిఫాబాద్ చేరుతుంది. 1940లో గోండు పోరాటయోధుడు కుమ్రం భీం అమరుడైన జోడేఘాట్ కెరమెరి మండలంలోనే, గుట్టల నడుమ ఉంది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నివసించిన మార్లవాయి జైనూర్ మండలంలో ఉంది. మూడోది దక్షిణంగా కవ్వాల్ అడవిలోంచి జన్నారానికి దిగి, లక్సెట్టిపేట వైపు గోదావరి ఒడ్డుకు చేరుతుంది. ఆ ఒడ్డున రాయపట్నం వంతెన దాటితే ధర్మపురి, ఆపైన జగిత్యాల, కరీంనగర్. మొత్తం 150 కిలోమీటర్లు దాటే ఈ మూడో దారిలో గుట్టలు, దట్టమైన అడవి, నది, వరిపొలాలు, పట్టణాలు అన్నీ ఒకదాని తరవాత ఒకటి తగులుతాయి కనుక, పెద్ద యాత్రకు ముందు తనను తాను పరీక్షించుకోదలచినవారికి ఇది ఎంతో అనువైనది. రెండు రాత్రుల మజిలీతో, తొందర లేకుండా దీన్ని పూర్తి చేయవచ్చు.

కాలనిర్ణయం ఇక్కడ సగం సన్నాహం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా తెలంగాణలో ఎక్కువ వర్షం కురిసే ప్రాంతాల్లో ఒకటి. జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు వాగులు పొంగినప్పుడు లోపలి గూడేలకు దారులు తెగిపోతాయి. అంతకంటే సైకిల్‌కు పెద్ద చిక్కు నల్లరేగడి మట్టి. తడిసిన రేగడి టైరుకు అంటుకుని, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఉన్న సందులో పొరలు పొరలుగా పేరుకుని, నాలుగైదు చుట్లు తిరిగేసరికి చక్రాన్ని బిగబట్టేస్తుంది. అప్పుడు సైకిల్‌ను తోయడం కూడా సాధ్యం కాదు, భుజాన మోయవలసిందే. వానాకాలంలో తప్పనిసరిగా మట్టిదారి పట్టేవారికి మడ్‌గార్డులు విప్పేయడం, పుల్లతో మట్టి గీకడానికి ఆగుతూ పోవడం తప్ప వేరే మార్గం లేదు. వేసవిలో ఎండ 45 డిగ్రీల వరకు పోతుంది. కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఉన్న కాలమే తగినది. అయితే ఆ రోజుల్లో రాష్ట్రంలోకెల్లా గట్టి చలి పడేది కూడా ఈ గుట్టల మీదే. సిర్పూర్(యు) వంటి చోట్ల కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి దిగిన సందర్భాలున్నాయి. ఉన్ని టోపీ, చేతితొడుగులు, గాలిని ఆపే పలుచని జాకెట్ లేకుండా తెల్లవారుజామున ఘాట్ దిగడం ప్రమాదం, ఎందుకంటే చలికి కొంకర్లు పోయిన వేళ్లు బ్రేకును సరిగా నొక్కలేవు. పత్తి తీత సాగే రోజులూ ఇవే. పక్కలకు పొంగిపొర్లేలా పత్తి నింపిన బండ్లు, లారీలు ఆదిలాబాద్ మార్కెట్‌కు వరుస కడతాయి కనుక, ఆ వైపు దారిలో వెనుక చూపే అద్దం అలంకారం కాదు, అవసరం.

పగటి వెలుగే రోజు దూరాన్ని నిర్ణయిస్తుంది. డిసెంబరు చివర ఉట్నూర్‌లో సూర్యోదయం సుమారు ఆరూముప్పావుకు, సూర్యాస్తమయం ఆరుగంటల లోపే. అంటే చేతిలో ఉన్నది సుమారు 11 గంటలు. అందులో తిండికి, నీళ్లకు, విశ్రాంతికి, అనుకోని మరమ్మతుకు నాలుగు గంటలు తీసేస్తే మిగిలేది ఏడు. సామానుతో మైదానంలో గంటకు 14, 15 కిలోమీటర్లు తొక్కగలిగిన మనిషి ఎక్కుడు దారిలో ఆరేడు దాటలేడు. కాబట్టి చదునునేల మీద 80 కిలోమీటర్ల మజిలీ పెట్టుకున్నవారు కెరమెరి వంటి ఘాట్ దారిలో 50తో తృప్తిపడాలి. కాగితం మీద సమానమైన దూరాలు కాళ్లకు సమానం కావు. ఈ తేడాను ముందే పసిగట్టడానికి సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఉపయోగపడతాయి. 1:50,000 స్కేలు పటంలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరుకు సమానం. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలుపుతూ గీసే సమోన్నత రేఖలు ఆ పటంలో దగ్గరదగ్గరగా ఉంటే నిటారు గుట్ట, ఎడంగా ఉంటే మెల్లని వాలు. గుట్టల్లో ఫోను సిగ్నల్ తరచు పోతుంది గనుక, ఫోనులోని పటాన్ని ముందే దించి పెట్టుకోవడంతో పాటు, ఊళ్ల పేర్లు, దూరాలు, నీటి వసతి రాసిన ఒక కాగితం జేబులో ఉండాలి.

మజిలీలు తేలాకనే సైకిల్ మాట. ఇక్కడ ఖరీదు కంటే విడిభాగం దొరకడం ముఖ్యం. ప్రతి టైరు పక్కన అచ్చుపోసి ఉండే అంకెలను చదవడం యాత్రికుడు మొదట నేర్చుకోవాలి. 37-622 అని ఉంటే టైరు వెడల్పు 37 మిల్లీమీటర్లు, అది కూర్చునే రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు అని అర్థం. విదేశీ నమూనా సైకిళ్లకు ఎక్కువగా ఉండేది ఈ 622 కొలత. మన ఊళ్లలో రైతులు, పాలవాళ్లు తొక్కే పాత 28 అంగుళాల సైకిల్ టైరు కొలత 635. చూపుకు రెండూ ఒకటే అయినా, తేడా 13 మిల్లీమీటర్లే అయినా, ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. 26 అంగుళాల పేరుతో అమ్మే టైర్లలో కూడా 559, 590 అని వేర్వేరు కొలతలున్నాయి. పల్లెటూరి సైకిల్ షాపులో ఏ కొలత దొరుకుతుందో ముందుగా అడిగి తెలుసుకుని, దొరకని కొలత అయితే ఒక మడత టైరు, కనీసం రెండు ట్యూబులు వెంట ఉంచుకోవాలి. గాలి నింపే వాల్వు సంగతి కూడా ఇంతే: మోటారు సైకిళ్లకు ఉండే రకం వాల్వు అయితే ఏ పంక్చర్ దుకాణంలోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

ఐర్లండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ 1963లో ఒంటరిగా సైకిల్ మీద భారతదేశానికి బయలుదేరినప్పుడు చేసిన సన్నాహం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. పదో పుట్టినరోజుకు ఒక సైకిల్, ఒక అట్లాసు కానుకగా అందినప్పుడే ఆమె ఈ యాత్ర సంకల్పించింది. బయలుదేరేనాటికి ఆమె వయసు ముప్పై ఒక్కేళ్లు. ఆసియా దారులకు తట్టుకోలేవన్న అనుమానంతో ఆమె తన సైకిల్‌కున్న గేర్లను ముందే తీయించివేసింది, మార్గమధ్యంలోని పట్టణాలకు అదనపు టైర్లను ముందుగా పంపించింది. అంటే ఎక్కడ ఏది పాడవుతుందో, ఎక్కడ ఏది దొరకదో ఊహించి, బరువును తన సైకిల్ మీద కాకుండా మజిలీల మీద పెట్టింది. ఆమెకు నలభై ఏళ్ల ముందే, 1923లో, బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచం చుట్టి రావడానికి సైకిళ్లెక్కారు. 1928లో యాత్ర ముగించుకుని తిరిగివచ్చినవారు ముగ్గురు. 2018లో పుణేకు చెందిన వేదాంగి కులకర్ణి సుమారు 29,000 కిలోమీటర్ల భూప్రదక్షిణను 159 రోజుల్లో సైకిల్ మీద ముగించింది. మర్ఫీ గేర్లు తీయించింది గదా అని నేటివారు అలాగే చేయనక్కరలేదు. పెడల్ దగ్గరి పళ్లచక్రానికీ, వెనుక చక్రానికి బిగించిన పళ్లచక్రానికీ పళ్ల సంఖ్య సమానంగా ఉండే గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది. వేగం తగ్గినా మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. కెరమెరి ఎక్కుడులో సామానుతో దిగకుండా తొక్కాలంటే ఆ స్థాయి చిన్న గేరు కావాలి.

సామాను పెరిగేకొద్దీ ముందుగా దెబ్బ తినేది వెనుక చక్రం. ఫ్రీవీలుకు చోటివ్వడం కోసం వెనుక చక్రంలో ఒక వైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. మనిషి బరువు, సామాను బరువు కూడా ఎక్కువ భాగం ఆ చక్రం మీదే పడుతుంది కనుక తెగేవి సాధారణంగా ఆ వైపు స్పోకులే. అదే కొలతవి నాలుగు స్పోకులు ఫ్రేముకు చుట్టి కట్టుకోవడం, వీలైతే కొంత బరువును ముందు చక్రం పక్కల సంచులకు మార్చడం దీనికి విరుగుడు. బట్టలు, పనిముట్లు, వంటసామాను, దోమతెర అన్నీ కలిపి 15 కిలోలు దాటకపోతే మంచిది. చదునునేల మీద ఈ బరువు అంతగా తెలియదు. అక్కడ అసలు ప్రత్యర్థి గాలి, దాని నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం ప్రతి కిలో తన లెక్క తాను వసూలు చేసుకుంటుంది.

చైను అరుగుదలను ఒక మామూలు స్కేలుతో కొలవవచ్చు. చైనులో ఒక పిన్నుకూ మరో పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం; కాబట్టి 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. పిన్నుల దగ్గర అరిగి చైను సాగినప్పుడు అది 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు దాటితే మార్చేయాలి, ఎనిమిదో వంతు దాటితే అప్పటికే పళ్లచక్రాలు కూడా పాడై ఉంటాయి. బయలుదేరడానికి రెండు వారాల ముందే మంచి మేస్త్రీ చేత ఓవరాయిలింగ్ చేయించి, ఆ పని జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చుని చూడడం పుస్తకాలు చదవడం కంటే మేలు.

ఒంటరి యాత్రికుడు కళ్లు మూసుకుని చేయగలగవలసిన పని పంక్చర్ అతకడం. ఈ ప్రాంతపు చేలగట్ల మీద తుమ్మచెట్లు ఎక్కువ; ఎండిన తుమ్మముల్లు టైరును సూటిగా చీల్చుకుని పోయి, బయట విరిగిపోయి, మొన మాత్రం లోపల ఉండిపోతుంది. అలవాటు లేనివారు ట్యూబు తీసి, రంధ్రం వెతికి, గీరి, సొల్యూషన్ రాసి, అతుకు వేసి, మళ్లీ బిగించి సంతోషపడతారు. వంద గజాలు పోకముందే గాలి మళ్లీ దిగిపోతుంది. టైరు లోపలి వైపు ఒక పాత గుడ్డముక్కను మెల్లగా చుట్టూ తిప్పితే, ముల్లు మొన ఉన్నచోట దారం చిక్కుకుని ఆగుతుంది. ఆ మొనను చిమటాతో లాగిన తరవాతే ట్యూబు ఎక్కించాలి. సొల్యూషన్ పూసిన వెంటనే అతుకు వేయకుండా, తడి ఆరి జిగురుగా తయారయ్యేదాకా ఆగడం మరో కిటుకు. ఇంటి ముంగిట్లో ఇరవై సార్లు చేసి చూసినవారికి, అడవిదారిలో చీకటి పడుతున్న వేళ ఇదే పని చేయవలసి వచ్చినా చేతులు వణకవు.

నీళ్ల లెక్క తప్పితే మిగతా లెక్కలేవీ నిలవవు. ఎండలో తొక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. చెమటతో పాటు ఉప్పూ పోతుంది కనుక, కేవలం మంచినీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి కలుపుకుంటే ఇంటి ఓఆర్‌ఎస్ తయారవుతుంది. ఉట్నూర్ నుంచి జన్నారం దాకా ఉన్న అడవి దారికి కనీసం మూడు లీటర్లు మోసుకోవాలి. తిండికి ఇక్కడి జొన్నరొట్టె, పప్పు, వేరుశనగలు, బెల్లం మించినవి వెతకనక్కరలేదు. జొన్నరొట్టె మరునాటి మధ్యాహ్నం దాకా చెడదు. ఆదివాసీ మహిళల సహకార సంఘం ఉట్నూర్‌లో తయారుచేసే ఇప్పపువ్వు లడ్డూలు నాలుగు సంచిలో ఉంటే మధ్యాహ్నం నీరసానికి బలమైన ఆసరా అవుతాయి.

కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటితమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోని ప్రజారహదారి వెంట పోయేవారికి అడ్డు లేదు గాని, రోడ్డు దిగి అడవిలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. కాబట్టి చెట్ల కింద గుడారం వేసుకుని నిద్రపోవాలన్న కోరికను ఈ మజిలీలో వదులుకోవాలి. చీకటి పడకముందే జన్నారం చేరిపోవాలి. అక్కడ పర్యాటక శాఖ విడిది ఉంది. గుట్టల్లోని గూడేల్లో రాత్రి ఉండవలసి వస్తే ముందుగా ఊరి పటేల్‌ను కలిసి, ఎవరో, ఎక్కడినుంచో, ఎందుకు వచ్చారో చెప్పి అడగడం మర్యాద. అడగకుండా బడి వరండాలో దుప్పటి పరచినవారిని అనుమానంగా చూస్తే తప్పు ఊరిది కాదు. పూజలు, జాతర క్రతువులు జరిగేచోట ఫోను తీసి ఫోటోలు పట్టడం అసలే కూడదు.

ఒంటరి అన్న మాటను నలుగురికీ తెలియకుండా అన్న అర్థంలో తీసుకోకూడదు. ఇంట్లో ఒకరి దగ్గర మజిలీల పట్టిక ఉండాలి. ప్రతి సాయంత్రం చేరినట్టు కబురందాలి, ఫలానా వేళకు అందకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ముందే తేల్చుకోవాలి. 108, 112 నంబర్లతో పాటు రక్తం గ్రూపు, వాడే మందులు రాసిన చీటీ సంచిపై పొరలో ఉంచాలి. ధనుర్వాతం టీకా గడువు చూసుకోవాలి. సైకిళ్ల వెంట కుక్కలు పడడం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. కరిస్తే పుండును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో రేబీస్ టీకా మొదలుపెట్టించుకోవాలి, యాత్ర ఆగినా సరే.

శరీరానికి మూడు నెలల వ్యవధి ఇవ్వడం న్యాయం. వారానికి మూడు రోజులు ఇరవై, ముప్పై కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారాంతపు దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ, చివరి నెలలో పూర్తి సామానుతోనే తొక్కాలి. ఒక రోజు బాగా తొక్కడం కంటే మరునాడు పొద్దున మళ్లీ సీటు మీద కూర్చోగలగడమే అసలు పరీక్ష కనుక, వరుసగా రెండు రోజుల అభ్యాసం తప్పనిసరి. ఇలాంటి అభ్యాసానికి బ్రెవే అనే పద్ధతి ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ పద్ధతిలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300ను 20 గంటల్లో, బయటి సహాయం లేకుండా పూర్తి చేయాలి. హైదరాబాద్‌లోనూ వీటిని నిర్వహిస్తారు. గడియారంతో పందెం వేసే బ్రెవేకు, దారితో స్నేహం చేసే యాత్రకు స్వభావం వేరే అయినా, రాత్రివేళ తన మరమ్మతు తాను చేసుకునే ధైర్యం అక్కడ అలవడుతుంది.

బయలుదేరే ముందురోజు సంచులు సర్దాక కొత్తగా ఏదీ చేర్చకపోవడం మంచిది. పొద్దున టైర్లు వేలితో నొక్కి చూసి, బ్రేకులు పట్టి చూసి, వెలుతురు రాగానే ఉట్నూర్ వదలాలి. పది కిలోమీటర్లు దాటాక, అలసట లేకపోయినా, ఒకసారి దిగి సైకిల్‌ను చెట్టుకు ఆనించాలి. సామాను బరువుకూ రోడ్డు కుదుపులకూ క్యారియర్ బోల్టులు, సంచుల కొక్కేలు మొదటి గంటలోనే వదులవుతాయి. పానాతో ఒక్కొక్క బోల్టునూ మరో పావుచుట్టు బిగించి, రెండు గుక్కల నీళ్లు తాగి, జన్నారం వైపు వాలు మొదలయ్యే చోటికి సాగాలి.